ముందు మీరే పాతిపెట్టి చూడండి

రండి, కూర్చోండి. ఈ చలికి చాయ్ మరగడానికి ఇంకాస్త టైం పడుతుంది. ఈలోగా మెటల్ డిటెక్టర్ కబుర్లు చెప్పుకుందాం. ఈ మధ్య ఆన్‌లైన్‌లో దాన్ని కొనుక్కునే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. డబ్బా విప్పడం, బ్యాటరీలు వేయడం, నేరుగా గుట్ట కిందికో ఖాళీ జాగాకో బయల్దేరడం. గంట తిరిగేసరికి పది గుంతలు, పది తుప్పు మేకులు. నెల తిరక్కుండానే యంత్రం అటకెక్కుతుంది. యంత్రం మంచిదే. దాని మాట వినడం ఎవరూ నేర్పలేదు, అంతే.

అందుకే హైదరాబాద్ మౌలాలిలో ఉండే మీకు మొదట ఒక్కటే చెబుతాను. వెతకడానికి వెళ్లకముందు మీరే పాతిపెట్టండి. ఏది ఎక్కడుందో మీకు తెలిసిన నేల మీద ఆ చప్పుళ్లు వినండి. ఏమీ తెలియని నేల సంగతి ఆ తర్వాత.

ఎందుకో అర్థం కావాలంటే దాని లోపల జరిగేది కొంచెం తెలియాలి. కింద పళ్లెంలా కనిపించే కాయిల్‌లో రాగి తీగ చుట్లుంటాయి. అందులో కరెంటు సెకనుకు వేలసార్లు దిశ మారుతూ ఉంటుంది. దాంతో చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం నేలలోకి దిగి లోహాన్ని తాకితే, లోహంలో చిన్న చిన్న సుడి కరెంట్లు లేస్తాయి. ఆ సుళ్లు తమ వంతుగా ఇంకో బుల్లి క్షేత్రాన్ని పైకి పంపుతాయి. దాన్ని రెండో కాయిల్ అందుకుంటుంది. మీ చెవికి వినిపించే కూత అదే. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే దీనికంతటికీ మూలం. అంటే ఈ యంత్రానికి బంగారం తెలియదు, నిధి తెలియదు. కరెంటును బాగా పారనిచ్చే వస్తువు, సరిగా పారనివ్వని వస్తువు, అయస్కాంతానికి అంటుకునే వస్తువు, ఈ తేడాలు మాత్రమే తెలుసు. మిగిలిన అర్థం చెప్పుకోవాల్సింది మన బుర్రే.

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ కథ విన్నారా? 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను ఒకడు కాల్చాడు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. అప్పటికి ఎక్స్‌రే లేదు. బెల్ లోహాన్ని పసిగట్టే పరికరం తయారు చేసి అధ్యక్షుడి మంచం దగ్గరికి తెచ్చాడు. తూటా మాత్రం దొరకలేదు. పరుపు కింద ఉక్కు తీగల స్ప్రింగులున్నాయి, వాటి రొద అంతటా నిండిపోయింది. అదొక్కటే అయితే సర్దుకునేవాళ్లేమో. పెద్ద డాక్టరు మాత్రం తూటా కుడివైపే ఉందని నమ్మి, ఆ పక్కనే వెతకనిచ్చాడు. నిజానికది ఎడమవైపుంది. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ కన్నుమూశాడు. నా దృష్టిలో డిటెక్టర్ పట్టే ప్రతివాళ్లకూ ఇదే మొదటి పాఠం. చుట్టూ ఏ లోహం ఉందో చూసుకోకపోతే యంత్రం తికమకపడుతుంది. ఎక్కడుందో ముందే తేల్చేసుకున్న మనిషి ఎంత మంచి యంత్రాన్నయినా గుడ్డిదాన్ని చేస్తాడు.

సరే, మన పెరటికి వద్దాం. పెరడు లేకపోతే సొంత ప్లాటో, తెలిసినవాళ్ల తోటో చూసుకోండి. ముందు ఆ జాగా అంతా తిప్పి ఇదివరకే ఉన్న మేకులూ రేకులూ ఏరిపారేయండి. తర్వాత మూరెడు మూరెడు ఎడంగా వస్తువులు పాతండి. ఏం పాతాలంటే, మన ఇళ్లలోనే మంచి సరంజామా ఉంది. చదరంగా ఉండే ఐదు పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు దొరుకుతాయా? అవి అల్యూమినియం. 1980ల్లో వచ్చిన బరువైన పాత రూపాయి బిళ్ల రాగి, నికెల్ కలిసినది, దాన్ని అయస్కాంతం లాగదు. ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. పేరుకు రెండూ రూపాయిలే, డిటెక్టర్ చెవికి మాత్రం వేరువేరు. వీటితోపాటు ఒక ఇత్తడి గంట, ఒక రాగి తీగ ముక్క, ఒక వెండి మెట్టె, పొడవాటి మేకు, కూల్‌డ్రింక్ సీసా మూత, నలిపిన సిగరెట్ పెట్టె రేకు. కొన్ని బెత్తెడు లోతున, కొన్ని జానెడు లోతున. ఒక్కోదాని మీద కర్ర గుచ్చి, ఏది ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. మట్టిని బాగా తొక్కి, నీళ్లు చల్లి, గుల్లతనం పోనివ్వండి.

ఇక వినడం మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. లోతునున్న వస్తువు చప్పుడు చాలా సన్నగా వస్తుంది, రోడ్డు మీద హారన్ల మధ్య అది పోతుంది. కాయిల్‌ను నేలకు సమంగా, నేలకు తగలకుండా, వేలెడు ఎత్తున నడపండి. అటూ ఇటూ ఊపేటప్పుడు చివర్లలో చాలామంది చెయ్యి పైకి లేపేస్తారు, ఊయల ఊగినట్టు. ఆ చివర్లలో లోతు పోతుంది. తొందరపడకండి. ఒక ఊపు పూర్తయ్యాక అడుగు వేసి, మళ్లీ ఊపేటప్పుడు ముందు ఊపులో సగం మీద పడేలా చూసుకోండి. కాయిల్ కింద క్షేత్రం లోతుకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది గనక, ఊపు మీద ఊపు పడకపోతే మధ్యలో నేల మిగిలిపోతుంది. చేతికి ఉంగరం, కడియం, కాళ్లకు ఇనుప ముక్కున్న బూట్లు, జేబులో ఫోను ఉంటే పక్కన పెట్టండి. యంత్రం వాటినీ వింటుంది.

వస్తువు మోగిందా, అక్కడే ఆగి పక్కకు జరిగి, ఇందాకటి దిశకు అడ్డంగా ఊపండి. రెండు వైపుల నుంచీ చప్పుడు ఒకేలా, శుభ్రంగా వస్తే తవ్వదగ్గది. ఒక వైపు బాగా మోగి, అడ్డంగా తిప్పితే పగిలిపోయినట్టో, అసలు రానట్టో అయితే చాలామటుకు మేకే. పొడుగు మేకు రెండు కొసల్లోనూ రెండుసార్లు కూస్తుంది కూడా. ఆ రెండు ఊపులూ ఒకదాన్నొకటి కోసే చోటే వస్తువు ఉంటుంది. ఇంత చెప్పినా సీసా మూత మిమ్మల్ని మోసం చేస్తుంది. చదునైన గుండ్రటి ఇనుము చాలా యంత్రాలకు మంచి నాణెంలా వినిపిస్తుంది. అందుకే పాతమన్నాను. ఆ చప్పుడులో ఉండే చిన్న గరగరను నాలుగు రోజులు వింటే పట్టేస్తారు, పుస్తకంలో చదివితే పట్టలేరు.

ఇప్పుడు డిస్క్రిమినేషన్ అనే మీట గురించి. చెత్తను వినిపించకుండా చేసే మీట ఇది. కొత్తవాళ్లకు ప్రాణం. నా సలహా, మొదటి నెలలో దాని జోలికే పోకండి. కారణం చెబుతాను. చిన్న బంగారు వస్తువు ఇచ్చే చప్పుడు, సిగరెట్ రేకు ఇచ్చే చప్పుడు చాలా దగ్గర దగ్గర. రేకును మూసేస్తే పాప కమ్మ కూడా మూసుకుపోతుంది. మన ఇళ్లలో డిటెక్టర్ నిజంగా పనికొచ్చే పని అదే కదా: పొలంలో నాట్లప్పుడు జారిన కమ్మ, పెళ్లి పందిట్లో పోయిన ఉంగరం, పెరట్లో తెగిన పుస్తెల తాడు. అక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. సన్నటి గొలుసును యంత్రం ఒక్క వస్తువుగా చూడదు, ఒక్కో కడీ విడివిడిగా చిన్న రింగే. అందుకే రెండు తులాల గొలుసు కంటే దానికున్న పుస్తె ముందు మోగుతుంది. చెక్కుచెదరని ఉంగరం బాగా పలుకుతుంది, విరిగి నోరు తెరుచుకున్న ఉంగరం గొంతు తగ్గుతుంది. ఎవరైనా వస్తువు పోయిందని పిలిస్తే, ముందు అది ఎలాంటిదో, చివరిసారి ఎక్కడ చూశారో అడగండి. సుతిలి తాడుతో నేలను పట్టీలుగా విడగొట్టండి. ఒక పట్టీ పూర్తయ్యాకే ఇంకోదాంట్లోకి వెళ్లండి. కళ్లతో వెతికి అలిసిపోయిన ఆ తల్లి ముందు మీరు నిదానంగా, వరుసగా నడవడమే సగం ధైర్యం.

సెన్సిటివిటీని మొత్తం పెంచేయాలని అందరికీ అనిపిస్తుంది. పెంచితే లోతు పెరుగుతుందనుకుంటాం, పెరిగేది ఎక్కువగా గోల. మౌలాలిలో ఇది మరీ నిజం. సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు రైలు దారి 1886 నాటికే పడింది. ఆ తర్వాత లోకో షెడ్డు, యార్డు, చుట్టూ మల్లాపూర్, నాచారం, చర్లపల్లి ఫ్యాక్టరీలు. అన్నేళ్ల బోల్టులు, వాషర్లు, వెల్డింగ్ ముక్కలు ఈ మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. పైన 25,000 వోల్టుల రైల్వే కరెంటు తీగ. దానికి దగ్గరగా వెళితే ఏ లోహమూ లేకుండానే యంత్రం కిచకిచలాడుతుంది. సెన్సిటివిటీ తగ్గించండి, తీగలకు దూరం జరగండి. రైల్వే స్థలంలోకి మాత్రం అడుగు పెట్టకండి. అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, పైగా ప్రాణానికే ముప్పు.

మట్టి కూడా మాట్లాడుతుంది. మన గుట్టలు గ్రానైట్. అది అరిగి వచ్చిన మొరంలో నల్లటి ఇనుప ఖనిజ రేణువులుంటాయి. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పొడి మట్టిలో తిప్పి చూడండి, నల్ల ఇసుక గడ్డంలా వేలాడుతుంది. ఆ రేణువుల చప్పుడును యంత్రం పట్టించుకోకుండా సరిచేయడాన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. లోహం లేని చోట కాయిల్‌ను నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ, మట్టి గొంతు అణిగేదాకా సరిచూసుకోవాలి. ఒక గల్లీలో సరిచేసింది ఇంకో గల్లీకి పనికిరాకపోవచ్చు. చోటు మారినప్పుడల్లా మళ్లీ చేయండి. తెలంగాణలో పాత ఊళ్ల అంచుల్లో ఇనుప చిట్టెం కుప్పలు కూడా తగులుతాయి. కోనసముద్రం ఉక్కు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న నేల మనది, ఇనుము కరిగించిన ఊళ్లు ఎన్నో. చిట్టెం మోగితే విసుక్కోకండి, అది మన కమ్మరి తాతల గుర్తు.

మౌలాలిలో రైల్వే రక్షణ దళం శిక్షణ కేంద్రం ఉంది గనక, చేతిలో పట్టుకునే చిన్న డిటెక్టర్ గురించీ ఓ మాట. ఫంక్షన్ హాళ్ల దగ్గర, మాల్‌ల దగ్గర సెక్యూరిటీ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు మన బస్తీల్లో చాలామంది. డ్యూటీ ఎక్కగానే మీకు తెలిసిన లోహం మీద, తాళంచెవుల గుత్తి చాలు, ఒకసారి మోగించి చూసుకోండి. బ్యాటరీ చచ్చిన డిటెక్టర్ రోజంతా అందరినీ లోపలికి పంపేస్తుంది. ఒంటికి తగలకుండా, రెండు మూడు వేళ్ల ఎడంతో, భుజం నుంచి చేతుల మీదుగా, నడుము చుట్టూ, కాళ్ల దాకా ఒకే వరుసలో నడపండి. బెల్టు బకిల్ మోగితే బకిలే కదా అని వదిలేయకండి, బకిల్ తీయించి మళ్లీ చూడండి. ఆడవాళ్లను ఆడవాళ్లే తనిఖీ చేయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉందని ఎవరైనా చెబితే ఆ చోట డిటెక్టర్‌ను పెట్టి ఉంచకూడదు, కార్డు చూసి చేత్తో తనిఖీ చేయాలి. ఆహార ఫ్యాక్టరీల్లో, మందుల ఫ్యాక్టరీల్లో బెల్టు మీద సరుకును పరీక్షించే డిటెక్టర్లకూ ఇదే పద్ధతి. ఇనుము, ఇనుము కాని లోహం, స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ మూడు టెస్ట్ ముక్కలనూ వేళ ప్రకారం పంపి చూస్తారు. వాటిలో స్టెయిన్‌లెస్ స్టీలు పట్టుకోవడమే కష్టం.

చాయ్ వచ్చింది, తీసుకోండి. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను, ఇది కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట.

మౌలాలి అంటే మనకు గుట్ట మీది దర్గా, దాని మీద కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉన్న నమ్మకం, గుట్ట కింద 1824లో కన్నుమూసిన కవయిత్రి మహ్‌లకాబాయి చందా సమాధి గుర్తొస్తాయి. వాటికంటే రెండువేల ఏళ్లకు పైగా ముందే ఇక్కడ మనుషులున్నారు. పెద్ద రాళ్లు గుండ్రంగా పేర్చి, మధ్యలో తమవాళ్లను సమాధి చేసుకున్నారు. ఊళ్లల్లో వాటినే రాక్షస గుళ్లంటాం. 1914లో గులాం యజ్దానీ మొదటి సారథిగా మొదలైన నిజాం పురావస్తు శాఖ కాలంలో మౌలాలి సమాధులను తవ్వి చూశారు. ఇలాంటి సమాధుల్లో ఎర్రా నలుపూ కలిసిన కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు ఉంటాయి. అవును, ఇనుము. మీ డిటెక్టర్ అక్కడ మోగుతుంది.

మోగితే ఏం చేయాలి? అక్కణ్నించి వెనక్కి జరగాలి. పురావస్తు పరిశోధకుడికి కత్తి కంటే అది ఏ కుండ పక్కన, ఏ పొరలో, ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదే ముఖ్యం. మీ బొరిగె ఒక్క పోటుతో ఆ కథ మొత్తం చెరిగిపోతుంది, చేతిలో తుప్పు ముక్క మిగులుతుంది. దానికి అంగట్లో ధర లేదు, ఆ పోయిన కథను తిరిగి తెచ్చే మార్గం లేదు. ప్రాచీన స్మారకాలకు 1958 చట్టం రక్షణగా ఉంది, పురావస్తువులకు 1972 చట్టం ఉంది, మన రాష్ట్రానికి 2017 వారసత్వ చట్టం ఉంది. చట్టాలు లేకపోయినా ఆ గుంత తవ్వకూడదు. అక్కడ పడుకున్నది మన పూర్వీకులు.

మరి మీ సొంత జాగాలోనే ఏదైనా దొరికితే? 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాచిన విలువైన వస్తువు దొరికి, అది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఎంత పాత లెక్కో చూడండి, కానీ చట్టం మాట అదే. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు శిక్షా పడొచ్చు. చెబితే విచారణ జరుగుతుంది. ఎవరిదీ కాదని తేలి, దొరికినవాడికీ స్థలం యజమానికీ ముందస్తు ఒప్పందమేదీ లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు యజమానికి. ప్రభుత్వం తీసుకోదలిస్తే వెల కట్టి ఇస్తుంది. నిజాయితీగా చెప్పినవాడికి చట్టం అన్యాయం చేయదు. ఇంగ్లండులో 2009లో ఒక మామూలు మనిషి డిటెక్టర్‌తో స్టాఫర్డ్‌షైర్ పొలంలో బంగారు రాశి కనిపెట్టి అధికారులకు చెప్పాడు. దాని వెల సుమారు 33 లక్షల పౌండ్లుగా తేలింది, ఆయనకూ పొలం యజమానికీ సగం సగం దక్కింది, వస్తువులు మ్యూజియానికి చేరాయి. చరిత్రా మిగిలింది, డబ్బూ మిగిలింది.

గుప్తనిధుల పిచ్చి మన దగ్గర ఎన్ని గుళ్లను, ఎన్ని కోటలను గుల్ల చేసిందో మీరు పేపర్లలో చూస్తూనే ఉంటారు. లింగాలు పెకలించడం, నందుల పొట్ట పగలగొట్టడం. 2017 చివర్లో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వారు. నిధి దొరకలేదు. అదే తుగ్గలి ప్రాంతంలో తొలకరికి జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు, దానికి మాత్రం కళ్లే ఆధారం. వజ్రం లోహం కాదు, డిటెక్టర్ దాన్ని ఎప్పటికీ చూపలేదు. మైలు దూరంలోని బంగారాన్ని చూపిస్తామనే యంత్రాలు, బియ్యం గింజల్ని లాగే రైస్ పుల్లర్ చెంబులు, ఇవన్నీ శుద్ధ మోసం. మామూలు డిటెక్టర్ నాణేన్ని జానెడు లోతున పట్టుకుంటే గొప్ప. ఈ మోసం డబ్బుతోనే ఆగదు. ఏడీఈ 651 అనే ఉత్తుత్తి బాంబు డిటెక్టర్‌ను ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. లోపల పనిచేసే సర్క్యూటే లేని ఆ పుల్లను నమ్మి చెక్‌పోస్టుల్లో నిలబడ్డ సైనికుల్ని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కొనేముందు మీ ఎదుటే ఒక నాణెం కాగితం కింద దాచి, ఎక్కడుందో అమ్మేవాడికి తెలియకుండా వెతకమనండి. ఆ ఒక్క పరీక్ష చాలు.

కాబట్టి, ఈ ఆదివారం పాతే పని మొదలుపెట్టండి. ఆ పైసా బిళ్లల చప్పుళ్లు కర్రలు చూడకుండా గుర్తుపట్టగలిగే రోజు వచ్చాకే బయటికి వెళ్లండి, వెళ్లేముందు స్థలం యజమాని అనుమతి తీసుకోండి, తవ్విన ప్రతి గుంతా పూడ్చండి. గుట్టల వైపు కొత్త వెంచర్లలో, రోడ్డు పనుల్లో ఎక్కడైనా గుండ్రంగా పేర్చిన పాత రాళ్లు కనిపిస్తే ఫోటో తీసి, మీ తహసీల్దారుకూ రాష్ట్ర వారసత్వ శాఖకూ తెలియజేయండి. జేసీబీ వచ్చేలోపే చెప్పండి.